తాగని నీళ్లు

కోడలు కండక్టరుగా డ్యూటీలో చేరే ముందు రోజు సాయంత్రం అత్తగారు ఆమెను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. ఆవిడ అదే రూటులో ఇరవై ఏళ్లకు పైగా టికెట్లు కొట్టిన మనిషి. చిల్లర ఎలా సర్దాలో, తాగి ఎక్కినవాణ్ణి గొడవ లేకుండా ఎలా దించాలో, పాసు లేకపోయినా కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చునే పెద్దమనిషిని ఎలా కదిలించాలో చెబుతుందనుకుంది కోడలు. అవన్నీ నాలుగు ట్రిప్పులు తిరిగితే వాటంతటవే వస్తాయంది అత్తగారు. గొంతు తగ్గించి చెప్పింది వేరే సంగతి.

"బంకు స్టాపు ఉందే, అక్కడ పొద్దుటి మేనేజరు మంచివాడు. తాళం అడిగితే ఇస్తాడు. సాయంత్రం ఉండేవాడిని అడగొద్దు, ఇవ్వడు సరికదా నలుగురికీ వినబడేలా మాట్లాడతాడు. ఆస్పత్రి స్టాపులో లోపలికి పరిగెత్తి రావచ్చు, కాకపోతే డ్రైవరుకు ముందే చెప్పి ఉంచు, నిన్ను వదిలేసి పోతాడు. చివరి స్టాపులో మాత్రం ఏమీ లేదు. నీలం గేటు ఇల్లు ఒకటుంది. ఆవిడ ఏమీ అనుకోదు. అలాగని రోజూ వెళ్లకు. వెళ్లినప్పుడు కాసేపు పిల్లల్ని పలకరించి రా."

కోడలికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. వారం తిరగకముందే ఆ నవ్వు ఎటో పోయింది. ఆ డిపోలో ఆడకండక్టర్లందరూ అలా ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నవాళ్లే. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'దారి చెప్పడం'. కొత్తమ్మాయి వస్తే "దారి చెప్పారా?" అని అడిగేవాళ్లు. చెప్పకపోతే ఎవరో ఒకరు పక్కకు తీసుకెళ్లి చెప్పేవాళ్లు. మగవాళ్లు అది రూటు గురించి అనుకునేవాళ్లు.

దారితో పాటు ఇంకో పాఠం కూడా ఉంది. నీళ్లు తాగకూడదు. గొంతు మరీ పిడచకట్టుకుపోతే ఒక్క గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, కిటికీలోంచి ఉమ్మేయాలి. మింగితే మాత్రం ఆ ట్రిప్పంతా నరకం. అందుకని ప్రతి ఆడకండక్టరు సంచిలోనూ నీళ్ల బాటిల్ ఒకటి ఉండేది, పొద్దున ఎలా నిండుగా వెళ్లిందో సాయంత్రం ఇంచుమించు అలాగే ఇల్లు చేరేది.

మామగారు అదే డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు. ఆయనకు వాకిట్లో కుండీలంటే ప్రాణం. భార్య తెచ్చిన బాటిల్‌ను సాయంత్రం ఆ మొక్కలకు పోసేవాడు. "మా మొక్కలు ఊరికే పెరగలేదమ్మా, రోజూ బస్సులో ఊరంతా తిరిగొచ్చిన నీళ్లు తాగి పెరిగాయి" అనేవాడు ఇంటికొచ్చినవాళ్లతో. భార్య డ్యూటీ మానేసి ఆ నీళ్లు ఆగిపోయినా, కోడలు చేరాక మొక్కలకు మాత్రం లోటు రాలేదు. "సర్వీసు మారలేదు, కండక్టరు మారిందంతే" అన్నాడు. అత్తగారు నవ్వలేదు. అప్పటికే ఆవిడ కిడ్నీ ఒకటి పూర్తిగా పాడైతే తీసేశారు, రెండోదాన్ని కాపాడుకోవాలంటే నీళ్లు తాగుతూనే ఉండాలని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. జీవితమంతా ఆపుకున్న మనిషికి ఇప్పుడు ఆపుకునే శక్తి లేదు.

అత్తగారి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆవిడ గొప్పింటి బిడ్డ కాదు, ఉపన్యాసాలు దంచే మనిషి అసలే కాదు. మొదటి విడత ఆడకండక్టర్లను డిపోలోకి తీసుకున్నప్పుడు వాళ్లు బట్టలు మార్చుకోవడానికి పాత టైర్లు పడేసే కొట్టు చూపించారు. దానికి తలుపుంది, లోపల గొళ్లెం లేదు. ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట కాపలా. గొళ్లెం పెట్టించండని అత్తగారు మేనేజరును అడిగింది. "చూద్దాం" అన్నాడు. మర్నాడు మళ్లీ అడిగింది. ఆ తర్వాత రోజు కూడా అడిగింది. విసుగొచ్చి ఆయన పెట్టించేదాకా అడుగుతూనే ఉంది. ఆవిడ రాజకీయ జీవితం మొదలైంది ఆ గొళ్లెం దగ్గరే. ఆ తర్వాత యూనియను, కాంట్రాక్టు మీద ఊడ్చే ఆడవాళ్లకు కాన్పు సెలవు, చీకటి పడ్డాక ఒంటరి ఆడమనిషి ఎక్కడ దిగుతానంటే అక్కడ బస్సు ఆపాలనే ఆర్డరు. ఒక్కోదానికి కాళ్లరిగేలా తిరిగింది.

ఎన్నికలొచ్చాయి. ఒక పార్టీకి ఆడమనిషికి సీటిచ్చామని చెప్పుకోవలసిన అవసరం పడింది. ఎలాగూ ఓడిపోయే సీటు కదా అని పిలిచి ఆవిడకిచ్చారు. గెలిచి వాళ్లను ఇబ్బందిలో పెట్టింది.

శాసనసభలో చివరి వరసలో కూర్చోబెట్టారు. కండక్టరు ఉద్యోగం చేసిన మనిషి అని తెలిసిన దగ్గర్నుంచీ సభ్యులు సరదాగా 'రైట్‌రైటమ్మ' అని పిలిచేవాళ్లు. ఆవిడ మాట్లాడటానికి లేవగానే ఎవడో ఒకడు వెనకనుంచి "రైట్ రైట్" అనేవాడు, సభ నవ్వేది, ఆవిడా నవ్వేది. మంచివాళ్లే పాపం. నవ్వడానికి ముందుండేవాళ్లు, వినడానికి తీరిక ఉండేది కాదు.

అక్కడ కూర్చున్నాక ఆవిడకు ఒక సంగతి బోధపడింది. ఆడవాళ్లకు కాగితం మీద ఏ లోటూ లేదు. బస్సు స్టేషనైనా, మార్కెట్టైనా, ఆఫీసైనా, ప్లాను మీద ఆడవాళ్ల గది అందంగా గీసే ఉంటుంది. పర్మిషను ఇచ్చేవాళ్లు ప్లాను చూసి ముద్ర వేస్తారు, కట్టిన తర్వాత వచ్చి చూసేవాళ్లు లేరు. గీసిన చోటికి వెళ్లి చూస్తే జిరాక్సు షాపు ఉంటుంది, లేదంటే సామాన్ల కొట్టు. ఒకచోట ఏకంగా మేనేజరు ఏసీ పెట్టించుకుని కూర్చున్నాడు. "ఇక్కడ ఆడవాళ్ల గది ఉండాలండీ" అని అత్తగారంటే, "అమ్మా, తలుపు తట్టి రావాలి కదా" అన్నాడట.

అందుకని ఆవిడ ఒక బిల్లు రాయించింది. పట్టుమని ఒక పేజీ లేదు. జనం కూడే ఏ కట్టడంలోనైనా ఆడవాళ్లకు మరుగుదొడ్డి గుమ్మానికి దగ్గరలో, నీళ్లతో, తాళం లేకుండా ఉండాలి. అది కట్టి తెరిచినట్టు స్వయంగా చూశాకే మిగతా కట్టడం తెరవనివ్వాలి. దాన్ని ఇంకోదానికి వాడుకుంటే ఇచ్చిన పర్మిషను రద్దు. అంతే. మంత్రిగారికి చూపిస్తే "చాలా మంచి ఆలోచనమ్మా, చూద్దాం" అన్నాడు. గొళ్లెం నాటి మేనేజరు కూడా అదే మాట అన్నాడని ఆవిడకు గుర్తొచ్చిందట. తన పార్టీవాళ్లూ చూద్దామన్నారు. చూసే ఉద్దేశం ఎవరికీ లేదని తేలాక ఆవిడకు ఒకటే దారి మిగిలింది. మంత్రులు కాని సభ్యులు సొంతంగా బిల్లు పెట్టుకోవడానికి శుక్రవారం మధ్యాహ్నం కాసేపు ఇస్తారు. అడిగేవాళ్లు చాలామంది, ఉన్న సమయం కొంచెం, అందుకని చీటీలు తీస్తారు. ప్రతి సమావేశానికీ ఆవిడ చీటీ వేసింది. నాలుగేళ్లు రాలేదు. సభ గడువు ముగిసే ముందు, ఆఖరి సమావేశాల్లో, వచ్చింది.

ఆ రోజు ఇంట్లో కోడలు జ్వరంతో పడుకుని ఉంది. మూత్రంలో మంటతో మొదలై చలిజ్వరంలోకి దిగడం ఆమెకు అప్పటికే అలవాటైపోయింది. డాక్టరు ఈసారి మందులు రాసి ఊరుకోలేదు. "నీళ్లు తాగడమో, ఈ ఉద్యోగం మానడమో ఏదో ఒకటి తేల్చుకోమ్మా. మీ అత్తగారి రిపోర్టులు చూసినవాణ్ణి నేను. ఆవిడకు పట్టిందే నీకూ పడుతుంది" అన్నాడు. ఉద్యోగం మానడం అనేది ఆ ఇంట్లో కుదిరే మాట కాదు. నీలం గేటు ఆవిడ ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయింది, కొత్తగా వచ్చినవాళ్లు గేటు తీయరు. మిగిలిన ఆశ ఒకటే. చివరి స్టాపులో కొత్త బస్సు స్టేషను కట్టబోతున్నారు, ప్లాను ఇంకా పర్మిషను కోసం ఆఫీసులో ఉంది. దాని మీద ముద్ర పడేలోపు అత్తగారి బిల్లు నెగ్గితే, ఆ స్టేషనులో ఆడవాళ్లకు తలుపు తెరిచే ఉంచాలి.

చీటీ వచ్చిందని అత్తగారు కోడలి నుదుటి మీద చెయ్యి వేసి చెప్పింది. "ఈసారి వదలను అమ్మాయ్. నువ్వు కడుపునిండా నీళ్లు తాగి డ్యూటీ చేస్తావు" అంది. అంతకుమించి ఆవిడ ఎవరికీ ఏ హామీ ఇవ్వలేదు, ఎన్నికల్లో కూడా.

శుక్రవారం పొద్దున ఆవిడ కాళ్లు నేల మీద నిలవలేదు. చదవాల్సిన కాగితం పది చోట్ల మడతలు పడేదాకా తిప్పింది. నీళ్ల గ్లాసు పక్కన పెట్టేసి "ఈ ఒక్కరోజుకూ వద్దులే" అంది. కోడలు ఊరుకోలేదు.

"అంతసేపు మాట్లాడాలి, గొంతు ఆరిపోతే మధ్యలో ఏం చేస్తారు? డాక్టరు ఏమన్నాడో మర్చిపోయారా? తాగండి అత్తయ్యా."

"డ్యూటీ రోజు నీళ్లేమిటే."

"అది బస్సు కాదు కదా. అంత పెద్ద భవనం. అక్కడ లేకపోవడమేమిటి?"

అత్తగారు ఏదో చెప్పబోయి మానుకుని గ్లాసు ఖాళీ చేసింది. ఇంకో గ్లాసు పోసి ఇచ్చింది కోడలు. ఆ రెండో గ్లాసు ఆమెను తర్వాత చాలాకాలం వెంటాడింది.

డ్యూటీ లేని ఆడకండక్టర్లందరూ కలిసి సభ చూడటానికి వెళ్లారు. కోడలూ వెళ్లింది. చూడటానికి వచ్చినవాళ్లు కూర్చునే గ్యాలరీ పై అంతస్తులో ఉంది. గుమ్మం దగ్గర ఆడవాళ్ల సంచులు వెతకడానికి ఒక ఆయమ్మ ఉంది. ఆ భవనం మొత్తానికి ఆడ సిబ్బంది అంటే ఆవిడొక్కతే. నీళ్ల బాటిళ్లు లోపలికి పనికిరావంటూ ఒక్కొక్కటే తీసి బెంచీ మీద నిలబెట్టింది. అన్నీ నిండుగా ఉండటం చూసి "ఒక్కరూ మూత తీసినట్టు లేరే" అంది. కండక్టర్లు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు. ఆయమ్మ నడుముకు ఒక తాళంచెవి వేలాడుతోంది.

అప్పుడే అత్తగారు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది. సభ జరుగుతున్నప్పుడు ఈవిడ ఇక్కడేమిటని కోడలు ఎదురు వెళ్లింది.

"తాళంచెవి ఇవ్వమ్మా" అంది అత్తగారు ఆయమ్మతో.

సంగతేమిటంటే, ఆ భవనం కట్టినవాళ్లు అందులో ఆడవాళ్లు కూర్చుంటారని అనుకోలేదు. హాలు పక్కనే సభ్యుల కోసం కట్టినవి మగవాళ్లవి. ఆడసభ్యులు వచ్చాక కింది అంతస్తులో, గ్రంథాలయం దాటి, రికార్డుల గది దాటి, విరిగిన కుర్చీలు పడేసే గదిని ఖాళీ చేసి వాళ్లకిచ్చారు. తాళం వేయకపోతే దారిన పోయే ప్రతివాడూ వాడేస్తాడని తాళం వేసి చెవి ఆయమ్మకు అప్పగించారు. చూసేవాళ్లు ఎక్కువమంది ఆడవాళ్లు వచ్చిన రోజున ఆయమ్మ పైన ఉంటుంది. అత్తగారు ముందు కిందికి వెళ్లి, తాళం చూసి, మళ్లీ పైకి వచ్చింది.

"మీ బిల్లు?" అంది కోడలు.

"ఇప్పుడే పెద్దాయన లేచాడు. ఆయన తర్వాతే మనది. లేచాడంటే గంటలోపు కూర్చోడు. వచ్చేస్తాను." తాళంచెవి తీసుకుని, ఒక చెయ్యి గోడకు ఆనించి, గబగబా మెట్లు దిగింది.

పెద్దాయన అంటే సభలో అందరికన్నా వయసు మళ్లిన సభ్యుడు. ఆయన ప్రసంగాలకు 'గూడ్సుబండి' అని పేరు, ఎంత చూసినా చివరి పెట్టె రాదు. ఆయన మాట్లాడుతుంటే సభ్యులు బయటికెళ్లి కాఫీ తాగి, ఫోన్లు మాట్లాడుకుని, తీరిగ్గా వచ్చి మిగతాది వినేవాళ్లు. అత్తగారంటే ఆయనకు అభిమానం. "బస్సూ రైలూ ఒకే రోజు బయలుదేరుతున్నాయమ్మా" అని పొద్దున్నే హాస్యమాడాడు కూడా.

కోడలు గ్యాలరీలో ముందు వరసలో కూర్చుంది. కింద సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం కదా, సొంత ఊళ్లకు బయలుదేరినవాళ్లు బయలుదేరారు. పెద్దాయన తన బిల్లు గురించి కాసేపు చెప్పి, కళ్లజోడు తీసి, చివరి వరస వైపు తిరక్కుండానే చిరునవ్వుతో అన్నాడు.

"అధ్యక్షా, నేను మాట్లాడాలంటే సాయంత్రం దాకా మాట్లాడగలను. కానీ ఈ రోజు మా రైట్‌రైటమ్మ బిల్లు ఉంది. నాలుగేళ్లుగా ఎదురుచూసింది. నా సమయం కూడా ఆమెకే ఇచ్చేస్తున్నాను. ఇంతటితో కూర్చుంటాను."

సభలో బల్లలు చరిచారు. అంత తొందరగా ఆయన కూర్చోవడం ఎవరూ ఎరగరు. గ్యాలరీలో కండక్టర్లు కూడా సంతోషంగా ముందుకు వంగారు. కోడలు ఒక్కతే వంగలేదు. ఆమె కళ్లు చివరి వరసలోని ఖాళీ కుర్చీ మీద ఉన్నాయి.

అధ్యక్షుడు అత్తగారి పేరు పిలిచాడు.

పెద్దాయన అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారిపోయాయి. గబుక్కున లేచాడు. "అధ్యక్షా, నా బిల్లు గురించి ఇంకొక్క మాట..."

"మీరు ముగించారు పెద్దాయనా. తర్వాతి అంశం పిలిచేశాను."

"ఒక్క నిమిషం అధ్యక్షా."

"కూర్చోండి." కటువుగా అనలేదు, మామూలుగానే అన్నాడు. రెండోసారి పేరు పిలిచాడు.

కోడలు లేచి నిలబడింది. తాను లేచినట్టు ఆమెకు తెలియదు. గ్యాలరీలో కాపలా ఉన్నతను వేలు పెదవుల మీద పెట్టుకుని కూర్చోమని సైగ చేశాడు. చూడటానికి వచ్చినవాళ్లు నోరు విప్పకూడదని గుమ్మం దగ్గరే చెప్పి పంపారు. అయినా ఆమె గొంతు మామూలు గొంతు కాదు. కిక్కిరిసిన బస్సులో, ఇంజను మోతలో, చివరి సీటువాడికి కూడా స్టాపు పేరు వినబడేలా రోజంతా అరిచే గొంతు అది. ఒక్క అరుపు అరిస్తే ఆ హాలు మొత్తం తలెత్తి చూస్తుంది. ఉన్నారు, వస్తున్నారు, ఆగండి అనాలి. ఎక్కడున్నారంటే ఏం చెప్పాలి? అంతమంది మగవాళ్ల ముందు, పైనుంచి, మా అత్తగారు ఫలానా చోటికి వెళ్లారని ఎలా అరుస్తుంది? నోరు తెరిచింది. మాట నాలుక దాకా వచ్చి అక్కడే ఆగింది. ఆమెను ఆపింది కాపలావాడి వేలు కాదు, సిగ్గు.

మూడోసారి పేరు పిలిచాడు. కాసేపు చూశాడు. కళ్లజోడు సవరించుకున్నాడు. "సభ్యురాలు సభలో లేరు. బిల్లు ప్రతిపాదించలేదు" అని ముందున్న కాగితం తిప్పాడు. పక్కనే కూర్చున్న గుమాస్తా ఏదో రాసుకున్నాడు. అంతే జరిగింది. కోడలు ఇంకా నిలబడే ఉంది.

తర్వాతి సభ్యుడు రెండు వాక్యాలు చదివాడో లేదో తలుపు తోసుకుని అత్తగారు వచ్చింది. తడి చేతులు తుడుచుకునే తీరిక కూడా లేదు, వేళ్ల చివర నీళ్లున్నాయి. ఇంకెవరో మాట్లాడుతుండటం చూసి నడిమధ్యలో ఆగిపోయింది.

"అధ్యక్షా, నేను వచ్చాను."

"అమ్మా, మీ బిల్లు పిలిచాం. మూడుసార్లు పిలిచాం. మీరు లేరు."

"బాత్రూంకి వెళ్లానండీ" అంది ఆవిడ. కోడలి నోటి దాకా వచ్చి ఆగిన మాటను అత్తగారు అంత మామూలుగా, టికెట్ ధర చెప్పినట్టు చెప్పింది.

సభ నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, అలవాటుగా వచ్చిన నవ్వు. వెనకనుంచి ఒకతను "బస్సు వెళ్లిపోయింది రైట్‌రైటమ్మా" అన్నాడు. నవ్వు ఇంకాస్త పెరిగింది. నాలుగేళ్లుగా ఆ నవ్వులో ఆవిడ కూడా కలిసేది కాబట్టి ఇప్పుడూ కలుస్తుందనుకున్నారు కాబోలు. ఆవిడ ఒక్కొక్కరి మొహమూ చూసింది. నవ్వు దానంతటదే తగ్గింది.

"నాకు నిజంగా బాధగా ఉందమ్మా" అన్నాడు అధ్యక్షుడు. "నియమం నేను రాసింది కాదు. పిలిచినప్పుడు సభ్యులు లేకపోతే అది పోయినట్టే. మీ తరఫున వేరేవాళ్లు పెట్టాలన్నా మీరు ముందే రాసి ఇచ్చి ఉండాలి. వచ్చే సమావేశాల్లో మళ్లీ చీటీ వేయండి."

వచ్చే సమావేశాలు లేవని ఆయనకూ తెలుసు. పెద్దాయన తల దించుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆయన్ని ఏమనగలం? ఆయమ్మనేమనగలం, తన పని తాను చేసుకుంది. రెండో గ్లాసు పోసిన కోడలిని ఎవరేమంటారు? కోపంతో ఎవరినైనా తిట్టుకుందామంటే ఒక్క చెడ్డవాడు దొరకడు. అందరూ మంచే చేశారు. ఆ మంచంతా కలిసి ఒక తలుపు మూసేసింది.

ఇంటికి బస్సులోనే వచ్చారు. సభ్యులకు టికెట్ అక్కర్లేదు, అయినా అత్తగారు ఎప్పుడూ కొనేది, ఆ రోజూ కొంది. మడతలుపడ్డ కాగితం ఒడిలో పెట్టుకుని కూర్చుంది. చాలా దూరం వచ్చాక కోడలే నోరు విప్పింది.

"నేను పైనుంచి అరవాల్సింది అత్తయ్యా."

"అరిస్తే నిన్ను బయటికి గెంటేవాళ్లు. అంతే జరిగేది."

"ఏమో. ఆగేవాళ్లేమో."

అత్తగారు ఆమె వైపు తిరిగింది. "ఏమని అరిచేదానివి?" అంది.

పక్క సీట్లో ఇద్దరు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. అప్పుడు కూడా ఆ మాట కోడలి నోటికి రాలేదు. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మళ్లీ ఎప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు.

తర్వాతి సంగతులు తొందరగానే జరిగాయి. కొత్త బస్సు స్టేషను ప్లానుకు ముద్ర పడింది. అత్తగారు ఆ ఆఫీసుకు వెళ్లి కూర్చుంది. ప్లానులో ఆడవాళ్ల గది గీసే ఉంది కదమ్మా, ఇంకేం చెయ్యమంటారు అన్నారు. నిజమే, గీసే ఉంది. మంత్రిగారి దగ్గరికి వెళ్లింది. అయ్యో ఆ రోజు అలా జరగాల్సింది కాదమ్మా అన్నాడు. ఆయన మాత్రం ఊరుకోలేదు. సభ గడువు ముగిసేలోపే, హాలుకు ఆనుకుని, ఆడసభ్యుల కోసం కొత్త మరుగుదొడ్డి కట్టించాడు. తెల్లటి పలకలు, నిలువుటద్దం, తాళం లేదు. గోడకు రాయి వేసి దాని మీద అత్తగారి పేరు చెక్కించారు.

ప్రారంభానికి ఆవిడ వెళ్లనంది. మామగారు వద్దులే అన్నాడు. ఆయమ్మ ఇంటికొచ్చి, "మీరు రాకపోతే ఎలా అమ్మా, నా నడుముకు తాళంచెవి బరువు తగ్గించింది మీరే" అంటే కాదనలేక వెళ్లింది. రిబ్బను కత్తిరించింది. "సభ్యురాలి నాలుగేళ్ల పోరాటం ఈ రోజు ఫలించింది" అన్నాడు మంత్రిగారు. అందరూ చప్పట్లు కొట్టారు. "బస్సు స్టేషను సంగతి" అంది అత్తగారు. "తప్పకుండా అమ్మా" అన్నాడు ఫొటో కోసం అటు తిరిగి. ఆవిడ ఆ గదిని ఒక్కసారైనా వాడింది లేదు. వారానికే సభ రద్దయింది, వచ్చే ఎన్నికల్లో గెలిచే సీటని దాన్ని ఇంకొకరికి ఇచ్చారు.

చివరి స్టాపులో స్టేషను లేచింది. బాగానే కట్టారు. ఆడవాళ్ల గది అని గీసిన చోట టికెట్ మిషన్లు చార్జింగు పెడతారు. కోడలు రోజూ తన మిషను అక్కడే పెట్టి తీసుకుంటుంది.

ఇప్పుడు అత్తగారు సాయంత్రాలు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. కోడలు వచ్చేసరికి ఆవిడ చూపు ముందు సంచి మీద పడుతుంది. మొదట్లో కొన్నాళ్లు బాటిల్ నిండుగా రావడం చూసి ఆవిడ మొహం ఎలా అయ్యేదో కోడలు చూసింది. చూడలేకపోయింది. అందుకని వీధి మలుపులో ఆగి, ఎవరూ లేరని చూసుకుని, బాటిల్‌లో నీళ్లన్నీ కాలువలో కుమ్మరించి, ఖాళీ బాటిల్‌తో ఇంటికి రావడం మొదలుపెట్టింది.

మామగారు కుండీల దగ్గర నిలబడి సణుగుతుంటాడు. "ఈ మొక్కలకు ఏమొచ్చిందో ఏమో. ఎండిపోతున్నాయి."

"పంపు నీళ్లు పోయండి" అంటుంది అత్తగారు.

నిన్న సాయంత్రం కోడలు చెప్పులు విప్పుతుంటే అత్తగారు సంచిలోంచి బాటిల్ తీసింది. ఖాళీగా ఉంది. దాన్ని చేత్తో తూచినట్టు పైకెత్తి పట్టుకుని, కోడలి మొహం కేసి చూసింది. పెదవులు బీటలువారి ఉన్నాయి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. ఆవిడ ఇరవై ఏళ్లు అద్దంలో చూసుకున్న మొహమే అది.

"తాగావా?" అంది.

"తాగాను అత్తయ్యా."

"మంచిది" అంది అత్తగారు. బాటిల్ మూత బిగించి, రేపటికి నింపడానికి లోపలికి తీసుకెళ్లింది.